అందరికీ కనిపించే చోట ఎవరూ అడగలేదు: ఒక సర్వీసు సంస్థలో చాట్ టూల్ కేసు

నేపథ్యం

ఈ కేసులో కన్సల్టెంట్‌గా మొదటి రెండు నెలలు నేను తప్పు సమస్య మీద పనిచేశాను. రాసి పెట్టుకోవాలనిపించింది అందుకే. తప్పు కూడా కొత్తదేం కాదు. క్లయింటు తన ఇబ్బందిని ఒక్క ముక్కలో చెప్పారు. నేను దాన్నే నిర్ధారణగా తీసేసుకున్నాను.

సంస్థ ఎవరిదో తెలియకుండా ఉండటానికి రంగం, విభాగాల పేర్లు, కొన్ని అంకెలు మార్చాను. ల్యాబుల్లో వాడే పరీక్ష యంత్రాలను రిపేరు చేసే సర్వీసు సంస్థ అనుకోండి. వంద మందికి కొంచెం పైన ఉంటారు. ఫిర్యాదు ఫోన్లు ఎత్తి టికెట్ (సిస్టమ్‌లో ఆ ఫిర్యాదు నమోదు) తెరిచే డెస్క్ ఒకటి. యంత్రం దగ్గరికి వెళ్ళి విప్పి చూసే ఫీల్డ్ ఇంజనీర్లు. స్పేర్ పార్టుల విభాగం. వీళ్ళు కాక, ఏ మోడల్ ఎక్కడ మొరాయించిందో శబ్దం విని చెప్పగలిగే సీనియర్లు ఐదారుగురు. సంస్థ నడిచేది నిజానికి ఆ ఐదారుగురి బుర్రల మీదే. ఆ సంగతి అందరికీ తెలుసు.

నేను వెళ్ళేసరికి వాళ్ళు ఫోన్లూ ఈమెయిళ్ళూ తగ్గించుకుని ఒక చాట్ టూల్‌కి మారి ఏడాది దాటింది. చానెళ్ళు, ట్యాగులు, ఎవరు ఆన్‌లైన్‌లో ఉన్నారో చెప్పే పచ్చ చుక్క, మెసేజ్ ఎవరెవరు చూశారో తెలిపే గుర్తు, పాతవన్నీ వెతుక్కునే సౌకర్యం, అన్నీ ఉన్నాయి. కొన్నప్పుడు అనుకున్నదీ మంచిదే. సీనియర్ల దగ్గరున్నది అందరికీ అందాలి, ఒకరికి చెప్పిన జవాబు పదిమందికి పనికిరావాలి.

నా దగ్గరికి వచ్చిన సమస్య

మొదటి సమావేశంలో ఆపరేషన్స్ హెడ్ అన్నది ఇది: "మెసేజ్‌ల వరదలో కొట్టుకుపోతున్నాం మేడం. కావలసింది వెతికితే దొరకదు. మెసేజ్‌లు తగ్గేలా ఒక పాలసీ రాసివ్వండి."

ఆయన చెప్పింది నిజమే. పొద్దున సిస్టమ్ తెరిచేసరికి ఎవరికి చూసినా చదవని మెసేజ్‌లు వందల్లో ఉండేవి. ఇంకో ఫిర్యాదు ఆయన లేవబోతూ చెప్పారు. ఒకే లోపానికి ఇంజనీర్లు రెండోసారి, మూడోసారి కూడా వెళ్ళాల్సి వస్తోందట. ఒకరు పోయిన నెల కనుక్కున్న కిటుకు ఈ నెల ఇంకొకరికి తెలియడం లేదట. ఈ రెంటినీ నేను ఒకే గాటన కట్టేశాను. వరద తీస్తే కిటుకులు వాటంతటవే పైకి తేలతాయనుకున్నాను.

ఇక్కడ ఆగాల్సింది. పనికొచ్చే జవాబు వరదలో మునిగిపోయిందా, లేక అసలు ఎవరూ రాయనేలేదా? ఈ రెండూ వేరు. సెర్చ్‌లో ఒక్క మోడల్ నంబరు కొట్టి చూస్తే తేలిపోయేది. కొట్టలేదు.

మొదటి రెండు ప్రయత్నాలు

పాలసీ రాశాను. 60కి పైగా ఉన్న చానెళ్ళను 14కి దించాం. పేర్లకు ఒక పద్ధతి పెట్టాం. అందరినీ ఒకేసారి ట్యాగ్ చేసే వీలు ఇద్దరికే ఉంచాం. డ్యూటీలో లేని వేళల్లో నోటిఫికేషన్లు మోగకుండా చేశాం. అప్పటి నా లెక్క ఏమిటంటే, ఇవేవీ ఎవరికీ నష్టం చేసేవి కావు, వద్దనుకుంటే వెనక్కి తీసుకోవచ్చు, పైగా త్వరగా ఫలితం కనిపిస్తే నన్ను నమ్ముతారు. ఆ లెక్క ఇప్పటికీ తప్పనుకోను. మూడు వారాల్లో మెసేజ్‌లు బాగా తగ్గాయి. హెడ్‌గారు సంతోషించారు. ఇంజనీర్లు మాత్రం అదే యంత్రం దగ్గరికి మళ్ళీ మళ్ళీ వెళ్తూనే ఉన్నారు.

ఆ చానెళ్ళు కుదించేటప్పుడు ఒక చిన్న సంగతి జరిగింది. నైట్ షిఫ్ట్ వాళ్ళు సొంతంగా తెరుచుకున్న ఒక చానెల్‌ని మూసెయ్యాల్సినవాటి జాబితాలో పెట్టాను. ఉన్నది ఎనిమిది మంది, పేరు కూడా పద్ధతిలో లేదు. నైట్ లీడ్ ఫోన్ చేసి, "అదొక్కటీ వదిలెయ్యండి మేడం, మాకు అలవాటైపోయింది" అన్నారు. పోనీలే అని వదిలేశాను. అంతకు మించి ఆలోచించలేదు.

రెండో ప్రయత్నంగా సందేహాల కోసమే ఒక చానెల్ తెరిపించాం. జూనియర్లు అక్కడ అడగాలి, సీనియర్లు అక్కడే చెప్పాలి, ఆ జవాబులు అక్కడే పడి ఉంటాయి. ఎలా వాడాలో రెండు విడతలు ట్రైనింగ్ ఇచ్చాం. ట్రైనింగ్ బాగుందని అందరూ ఫారాల్లో రాశారు. ఆ ఫారాల్లో బాగోలేదని రాసినవాళ్ళను నా సర్వీసులో నేను చూడలేదు, అది వేరే కథ. మొదటి వారం కొన్ని ప్రశ్నలు వచ్చాయి, అవీ కొత్తగా చేరినవాళ్ళవే. రెండో వారం ఒకటీ అరా. మూడో వారం నుంచి ఎవరూ అటు తొంగిచూడలేదు. సీనియర్లు రాసిన జవాబులు చూస్తే "ఫోన్ చెయ్యి", "టికెట్‌లో ఉంది చూడు" అని ఉన్నాయి.

"వీళ్ళకి నేర్చుకోవాలన్న తపన లేదు" అన్నారు హెడ్‌గారు. ఔనేమో అనుకోబోయాను.

దారి మళ్ళిన చోటు

ఆ మాట ఒప్పుకోకుండా నన్ను ఆపింది నైట్ షిఫ్ట్ చానెల్. మూసెయ్యబోయి వదిలేసినదే. ఒకరోజు సెర్చ్‌లో, రెండు నెలలు ఆలస్యంగా, ఒక మోడల్ నంబరు కొట్టాను. పనికొచ్చే జవాబులన్నీ ఆ ఒక్క చానెల్ నుంచే వచ్చాయి. అక్కడ ఎవరు పడితే వాళ్ళు అడుగుతున్నారు, తప్పు చెబుతున్నారు, సరిదిద్దుకుంటున్నారు. అదే టూల్, అదే ట్రైనింగ్, అదే జీతాలు. పగలు పనిచేయనిది రాత్రి పనిచేస్తోందంటే కారణం మనుషుల తపనలో ఉండదు, టూల్‌లోనూ ఉండదు.

మా రంగంలో దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. సంస్థల్లో పని తీరుపై పరిశోధన చేసే స్టీఫెన్ బార్లే 1986లో ప్రచురించిన అధ్యయనంలో రెండు ఆసుపత్రుల రేడియాలజీ విభాగాల్లోకి ఒకే రకం సీటీ స్కానర్లు వచ్చాయి. డాక్టర్లకూ టెక్నీషియన్లకూ మధ్య ఎవరి మాట ఎంతవరకు చెల్లుతుందన్నది మాత్రం రెండుచోట్లా వేరువేరుగా తేలింది. ఒకే యంత్రం రెండుచోట్ల రెండు రకాల ఆఫీసులను తయారుచేసిందన్నమాట. ఈ పేపరు ఎన్నోసార్లు పాఠంగా చెప్పాను. సొంత కేసులో గుర్తురావడానికి మాత్రం రెండు నెలలు పట్టింది.

ఇక సర్వేలూ ఇంటర్వ్యూలూ పక్కనపెట్టి, పగలు మూడు రోజులు, రాత్రి రెండు రోజులు డెస్క్ దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. ఇంటర్వ్యూలో జనం పద్ధతి ప్రకారం ఏం చెయ్యాలో అది చెబుతారు. పక్కన కూర్చుంటే ఏం చేస్తున్నారో కనిపిస్తుంది.

రెండో రోజు మధ్యాహ్నం డెస్క్‌లో ఒకతను టికెట్ తెరిచి, కాసేపు తెర వైపు చూసి, జేబులోంచి సొంత ఫోన్ తీసుకుని మెట్ల దగ్గరికి వెళ్ళాడు. తిరిగొచ్చి చకచకా టైపు చేశాడు. ఇలా నా కళ్ళ ముందే మరో ముగ్గురు వెళ్ళొచ్చారు. సాయంత్రం అడిగాను, మెట్ల దగ్గర ఏముందని. నవ్వేశాడు. "సీనియర్‌కి చేశాను మేడం. చానెల్‌లో అడిగితే అందరూ చూస్తారు. నాలుగేళ్ళయింది, ఇది కూడా తెలీదా అంటారు."

అదే సంగతి సీనియర్ల వైపు నుంచి ఇంకోలా వినిపించింది. ఒకాయన మొహమాటం లేకుండా చెప్పారు: "ఫోన్‌లో అయితే 'ఇది మార్చి చూడు, కుదరకపోతే అది' అని చెబుతాం. అది అందాజు. అదే చానెల్‌లో రాశాననుకోండి, శాశ్వతంగా ఉండిపోతుంది. పార్టు కాలిపోయిన రోజు నా మెసేజే తీసి చూపిస్తారు."

మరి పగలు వచ్చే ఆ వరదంతా ఏమిటి? అది టూల్ నుంచి ప్రతి నెలా తీసే ఒక రిపోర్టు మహిమ. ఎవరు ఎన్ని మెసేజ్‌లు పెట్టారు, ఎంతసేపట్లో జవాబిచ్చారు అన్న పట్టిక. టూల్‌తో ఉచితంగా వచ్చింది కాబట్టి నెలవారీ సమీక్షలో తెర మీద వేసేవారు. దాన్ని బట్టి ఎవరికీ ఇంక్రిమెంట్ ఆపలేదని హెడ్‌గారు చెప్పారు, నమ్ముతాను. కానీ తెర మీద తన పేరు అడుగున కనిపించిన మనిషికి ఆ భరోసా ఎవరూ ఇవ్వలేదు. అందుకని "ఓకే సార్", "నోటెడ్", "చూస్తున్నాను", "అప్‌డేట్ ఇస్తాను" అని పెడుతూ పోయారు. అసలు పని మాటలు సొంత ఫోన్లలోని ఒక వాట్సాప్ గ్రూపులోకి, మెట్ల దగ్గరికి వెళ్ళిపోయాయి. నైట్ షిఫ్ట్ చానెల్ అధికారిక జాబితాలో లేదు, అందుకే రిపోర్టులోకి రాలేదు. పైగా అక్కడి లీడ్‌కి ఒక అలవాటుంది. వారానికోసారైనా "ఇది నాకెప్పుడూ గుర్తుండదు, ఎవరైనా చెప్పండిరా" అని తనే ముందు అడిగేస్తాడు.

జెఫ్రీ ట్రీమ్, పాల్ లియొనార్డీ 2012లో రాసిన పేపరులో ఇలాంటి టూల్స్ ఇచ్చే నాలుగు వీలుల గురించి చెప్పారు. కనిపించడం, నిలిచిపోవడం, దిద్దుకోగలగడం, మనిషికీ మనిషికీ, మనిషికీ విషయానికీ ఉన్న లింకు తెలియడం. ఇక్కడ మొదటి రెండే కొంప ముంచాయి. జూనియర్‌కి కనిపించడం భయం, సీనియర్‌కి నిలిచిపోవడం భయం. టూల్ అమ్మేవాళ్ళు గొప్పగా చెప్పుకునేది ఈ రెండింటినే.

తీసుకున్న నిర్ణయాలు

ముందుగా తేల్చుకోవాల్సింది టెక్నాలజీ సంగతి కాదు. ఆ వాట్సాప్ గ్రూపు విషయం పైవాళ్ళకి చెప్పాలా? కస్టమర్ల సమాచారం సొంత ఫోన్లలోకి వెళ్తోంది, అది చిన్న విషయం కాదు. చెబితే గ్రూపు మూయిస్తారు, నాతో మాట్లాడినవాళ్ళకి చీవాట్లు తప్పవు, మిగిలిన ఆ కాస్త దారీ మూసుకుపోతుంది. గ్రూపులో చేర్చుకుంటాం, చూడండి అని ఒకరు అన్నారు కూడా. వద్దన్నాను. చూస్తే పేర్లు తెలుస్తాయి, తెలిసినవి దాచడం కష్టం. చివరికి హెడ్‌గారికి ఇలా చెప్పాను: పని మాటలు టూల్ బయట జరుగుతున్నాయి, ఎవరెవరన్నది అడగవద్దు, మూయించే ముందు అవి బయటికి ఎందుకు వెళ్ళాయో చూద్దాం. కస్టమర్ పేర్లు, ఫొటోలు బయట పెట్టకూడదని మాత్రం వెంటనే అందరికీ ఒక నోట్ వెళ్ళింది. దాంతో తృప్తి పడ్డానా అంటే లేదు. కానీ ఆ రోజుకి అంతకంటే మంచి దారి కనపడలేదు.

తర్వాతది రిపోర్టు ఆపించడం. అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది దీనికే. అంకెలు చూసే అలవాటున్న మనిషికి అంకెలు వద్దని చెబితే ఎక్కదు. రెండు వారాల మెసేజ్‌లు పేర్లు తీసేసి ప్రింట్ తీయించి, నేను వర్గీకరించకుండా ఆయన చేతికే పెన్ను ఇచ్చాను. చదివాక ఏదైనా పని ముందుకు కదిలిన మెసేజ్‌కి టిక్ పెట్టమన్నాను. ఆరో పేజీకి వచ్చేసరికి ఆయనకే నవ్వొచ్చింది. టిక్కులు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. మూడు నెలలు రిపోర్టు ఆపి చూద్దామన్నారు.

ఆయన్ని ఇంకొంచెం కదిలించింది ఈథన్ బెర్న్‌స్టీన్ 2012లో చైనాలోని ఒక పెద్ద మొబైల్ ఫోన్ల ఫ్యాక్టరీ మీద రాసిన అధ్యయనం. అక్కడ కార్మికులు పని త్వరగా అయ్యే సొంత కిటుకులను పైవాళ్ళు చూస్తుండగా వాడేవాళ్ళు కాదు. కొన్ని లైన్ల చుట్టూ తెర కట్టి చూస్తే ఆ లైన్ల ఉత్పత్తి 10 నుంచి 15 శాతం పెరిగింది. మన నైట్ షిఫ్ట్‌కి ఎవరూ కట్టకుండానే ఆ తెర ఉందని ఆయనే అన్నారు.

మూడోది, మెట్ల దగ్గరి ఫోన్‌ని దొంగచాటు పనిగా కాకుండా అసలు పద్ధతిగా ఒప్పుకోవడం. ఎవరైనా సీనియర్‌కి నేరుగా ఫోన్ చేయొచ్చు. షరతు ఒక్కటే, జవాబు పనిచేస్తే అడిగినవాళ్ళు దాన్ని మూడు లైన్లలో నోట్‌గా రాయాలి: లక్షణం, కారణం, చేసిన పని. అడిగినవారి పేరు ఉండదు, చెప్పినవారి పేరూ ఉండదు. సీనియర్ చదివి సరే అంటే చానెల్‌లోకి వస్తుంది.

సీనియర్ల చేత కాకుండా జూనియర్ల చేత ఎందుకు రాయించామని తర్వాత చాలామంది అడిగారు. జొనాథన్ గ్రూడిన్ 1988లోనే చెప్పిన సంగతిది. పదిమంది కలిసి వాడే సాఫ్ట్‌వేర్లు చాలావరకు దెబ్బతినేది అదనపు శ్రమ ఒకరిదీ లాభం ఇంకొకరిదీ అయినచోట. సీనియర్‌కి ఆ నోట్‌తో పనిలేదు, ఆయనకి ఎలాగూ తెలుసు. అడిగినవాడికి వచ్చే నెల మళ్ళీ అదే లోపం రావచ్చు. తను రాసుకున్న నోట్ తనకే కావాలి. రాయడంలో ఇంకో లాభం కూడా ఉంది, సరిగ్గా అర్థం కాకపోతే మూడు లైన్లు రాయలేరు.

రాసే సమయం ఎక్కడిది అన్నది తర్వాతి ప్రశ్న. వాండా ఒర్లికౌస్కీ 1992లో ఒక పెద్ద కన్సల్టింగ్ సంస్థలో లోటస్ నోట్స్ (ఉద్యోగులు సందేశాలూ పత్రాలూ పంచుకునే సాఫ్ట్‌వేర్) ప్రవేశపెట్టినప్పుడు ఏం జరిగిందో రాశారు. అక్కడ క్లయింటుకి బిల్లు వేయగలిగే గంటలకే విలువ. టూల్ నేర్చుకునే గంటలు ఎవరి ఖాతాలోనూ పడవు. పైగా తనకు తెలిసింది తన బలం అనుకునే పోటీ వాతావరణం. టూల్ మంచిదైనా ఆశించినట్టు పంచుకోవడం జరగలేదు. మా కేసులోనూ ఇంజనీర్ల టైమ్‌షీట్‌లో ప్రయాణానికీ రిపేరుకీ కోడ్‌లు ఉన్నాయి, తెలిసింది వేరేవాళ్ళకి చెప్పే సమయానికి మాత్రం కోడ్ లేదు. ఒక కోడ్ కలిపించాం. అకౌంట్స్ వాళ్ళకి ఇది పావుగంట పని. దాన్ని అడగాలని తట్టడానికి నాకు మూడు నెలలు పట్టింది.

చివరగా, షిఫ్ట్ మారేటప్పుడు చాట్‌లో పెట్టే లిస్టు తీసేసి పది నిమిషాలు నోటితో చెప్పుకునేలా చేశాం. రిచర్డ్ డాఫ్ట్, రాబర్ట్ లెంగెల్ 1986లో చేసిన తేడా ఇక్కడ అక్కరకొచ్చింది. సమాచారం చాలకపోవడం ఒకటి, ఉన్న సమాచారానికి రెండు మూడు అర్థాలు రావడం ఇంకొకటి. మొదటిదానికి రాత చాలు. రెండోదానికి మాట కావాలి. పార్టు నంబరు చాట్‌లో పెట్టొచ్చు. "పంపు వైపు నుంచి ఏదో శబ్దం" అన్నది రాస్తే ఎవరికి తోచినట్టు వాళ్ళు అర్థం చేసుకుంటారు. ఫోన్‌లో అయితే ఆ శబ్దమే వినిపించొచ్చు.

ఏం జరిగింది, ఏం జరగలేదు

రిపోర్టు ఆగిందని జనం నమ్మడానికే నెల పట్టింది. నోట్లు మొదట్లో బొటాబొటిగా వచ్చాయి. ఒక సీనియర్ తను చెప్పిన తప్పునే నోట్‌గా రాయించారు: "ఇలా చెయ్యమన్నాను, పనిచేయలేదు, కారణం ఇది." ఎవరూ అడక్కుండా కింద తన పేరు కూడా పెట్టించారు. అక్కడి నుంచి ఊపందుకుంది. పేర్లు తీసేయడం ఎంత ముఖ్యమో అని నేను అంత ఆలోచిస్తే, కొన్నాళ్ళకి చాలామంది తమంతట తామే పేర్లు పెట్టుకోసాగారు. దాచుకునే వీలు ఉందని తెలిశాక దాచుకోవాల్సిన అవసరం కనపడలేదేమో. ఇది నా ఊహ, ఎవరినీ అడగలేదు.

నోట్లకి తేదీ పెట్టకపోవడం నా పొరపాటు. పాత మోడల్‌కి రాసిన నోట్ చూసి ఒకతను కొత్త మోడల్‌కి పార్టు తెప్పించాడు. ఆ పార్టు పట్టలేదు. అప్పటి నుంచి ప్రతి నోట్‌కి తేదీ, మోడల్ వెర్షన్, ఆరు నెలలకోసారి చూడాల్సిన మనిషి ఉండాలన్నాం. ఆ చూసే పని మాత్రం ఇప్పటికీ వాయిదా పడుతూనే ఉంటుందని విన్నాను.

ఒకే లోపానికి మళ్ళీ మళ్ళీ వెళ్ళడం తగ్గిందా? తగ్గింది. కానీ అదే సమయంలో బాగా సతాయించే ఒక పాత మోడల్ వాడకం లోంచి పోయింది. ఎంత దానివల్ల, ఎంత మావల్ల అన్నది విడదీయలేను. హెడ్‌గారు తన ప్రెజెంటేషన్‌లో మొత్తం ఘనత కొత్త పద్ధతికే ఇచ్చారు. ఆ స్లయిడ్ కింద ఒక లైన్ కలపమన్నాను. కలపలేదు.

వాట్సాప్ గ్రూపు పోలేదు. డ్యూటీలు మార్చుకోవడానికి, పుట్టినరోజులకి, జోకులకి నడుస్తోందట. అది అలా ఉండటమే మంచిదని నా అభిప్రాయం.

నా పద్ధతిలో మారినవి

ఇప్పుడు ఏ టూల్ గురించి పిలిచినా మొదటి రోజే మూడు పనులు చేస్తాను. టూల్ నుంచి ఏ రిపోర్టు ఎవరి ముందు పెడతారో, ఎవరి పేర్లతో పెడతారో అడుగుతాను. సంస్థ దేని గురించి తలపట్టుకుంటోందో ఆ మాట సెర్చ్‌లో కొట్టి, జవాబు దొరక్కపోవడమా లేకపోవడమా అన్నది చూస్తాను. అదే టూల్‌ని కాస్త వేరేగా వాడుతున్న గుంపు ఏదైనా ఉందేమో వెతుకుతాను. వెతికితే సాధారణంగా ఒకటి ఉంటుంది. చాలాసార్లు అది పద్ధతి తప్పిందని ఎవరో ఒకరు మూసెయ్యాలని చూస్తున్నదే.

మెసేజ్‌లు తగ్గించే పాలసీని ఇప్పటికీ రాసిస్తాను, కానీ ఆఖర్న. వరద ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా గట్టు కడితే నీళ్ళు ఇంకోవైపు పారతాయి. ఈ కేసులో అది మెట్ల వైపు పారింది.

స్పేర్ పార్టుల విభాగం మాత్రం మా పద్ధతిలోకి రానేలేదు. వాళ్ళు ఒక్క నోట్ కూడా రాయలేదు. స్టాక్‌లో లేదు అన్న మాట రాతలో పెడితే ఆలస్యానికి నింద తమ మీద పడుతుందని వాళ్ళ భయం. ఆ భయం నిరాధారమేమీ కాదు, ఆలస్యాల మీద నెలవారీ పట్టిక వాళ్ళకి వేరే ఉంది. దాన్ని చూసేది ఫైనాన్స్ వాళ్ళు, ఆపించడం ఆపరేషన్స్ హెడ్ చేతిలో లేదు. ఫైనాన్స్ వాళ్ళతో ఒక్క సమావేశం దొరికింది. పట్టిక కొనసాగుతోంది.